మూతవేయు కలమునకు విన్నపము

మహారాజశ్రీ తెలంగాణ కాలుష్య నియంత్రణ మండలి అధ్యక్షులవారి సముఖమునకు మేడ్చల్ వాస్తవ్యుడొకడు సవినయముగా వ్రాసుకొను బహిరంగ లేఖ.

అయ్యా! సనత్‌నగరమందలి తమ భవనమువరకు మా గాలి రాదు గనుక దాని క్షేమసమాచారమును ముందుగా మనవి చేయుచున్నాను. పగలెల్ల మర్యాదగా నుండి, రాత్రి పది దాటిన పిమ్మట, మబ్బుపట్టిన దినములందు మరింత ధైర్యముగా, కుళ్ళిన గ్రుడ్ల కంపుతో అది మా కిటికీలలో దూరును. ‘ఎవడో వదిలినాడు’ అనుకొని తలుపులు బిగించుకొనుట మాకు నిత్యవిధియైనది.

ఆ గాలితోపాటు మా వాగులలో విషనీరును వదలు ఫ్యాక్టరీలపై తమ చేత నొక ఆయుధమున్నది: 1974 నాటి జలకాలుష్య చట్టమునకు 1988లో చేర్చిన 33-ఎ సెక్షను. దానిచేత ఫ్యాక్టరీని మూయింపవచ్చును, కరెంటు కోయింపవచ్చును. క్లోజరు ఆర్డరు వచ్చిన వెంటనే కరెంటు తెగును, యజమాని హైకోర్టుకు పోవును, మేనేజరు సెలవు పెట్టును, రియాక్టరు కడుగు హెల్పరు మాత్రము, కంపెనీ పేరు గాక కాంట్రాక్టరు పేరున్న గుర్తింపుకార్డును జేబులో పెట్టుకొని, గేటెదుటి టీకొట్టు బల్లపై కూర్చుండి, ఇంటికి డబ్బు పంపుటకు ఒడిశానుండి వచ్చినవాడు ఆ నెల గది అద్దెకు ఇంటినుండియే డబ్బు తెప్పించుకొనును. విషము వదలిన నిర్ణయములో నతనికి పాలు లేదు. శిక్షలో పెద్దవాటా అతనిదే.

అందుచేతనే మేము మా చెరువును కాపాడుమని అర్జీ పెట్టినపుడెల్ల కార్మికులు మాకెదురు నిలుతురు. అర్ధరాత్రి ఏ ట్యాంకరు ఏ వాగులో ఖాళీయగునో వారెరుగుదురు, చెప్పరు. చెప్పినవాని ఇంట పొయ్యి యారును. పరిశ్రమలే వలదనుట మా అభిమతము కాదు. కోవిడ్ కాలమున దేశమునకు టీకాలు పంపిన జీనోమ్ వ్యాలీ మా శామీర్‌పేటదే గదా.

నేను వింతకోరిక కోరుట లేదు. 1996 జూలై 8న ఢిల్లీలోని 168 ప్రమాదకర పరిశ్రమలను ఊరు విడువుమన్న సుప్రీంకోర్టు, కొత్తచోట ఫ్యాక్టరీ తెరచువరకు కార్మికులు పనిలో నున్నట్లే యెంచి పూర్తిజీతము లీయవలెననియు, తరలివెళ్ళువారికి అదనముగా ఏడాది జీతము ముట్టజెప్పవలెననియు ఆ ఉత్తరువులోనే శాసించినది. ఆ సొమ్మెందరికి చేరినదన్నది వేరుమాట. కాగితముమీదనైనను ఆ వాక్యముండెను.

కావున తమ ఆర్డరులో కరెంటు సంగతి పిమ్మట ఇంకొక్క వాక్యము చేర్చింపుడు: మూత యున్నన్నినాళ్ళు, కాంట్రాక్టువారితో సహా అందరి జీతములు యజమానియే చెల్లింపవలెను, చెల్లించిన రుజువు చూపనిదే ఫ్యాక్టరీ నడుపుటకు అనుమతి (కన్సెంటు) మరల ఈయబడదు. అట్టి అధికారము చట్టమున లేదందురేని, కరెంటు కోయు అధికారమును 1974లో లేనిదే, 1988లో తెచ్చుకొన్నదే గదా! ఆ వాక్యము పడిననాడు ట్యాంకరు నంబరు హెల్పరే తమకు చెప్పును. తమ ఫోను నంబరును గేటుమీద తెలుగులోను, హిందీలోను, ఒడియాలోను వ్రాయించి యుంచుడు.

ఇట్లు,
తమ విధేయుడు,
మేడ్చల్ వాస్తవ్యుడు.