కిరి చెక్క పెట్టె ఆత్మకథ

జపాన్‌లో పాత టీ గిన్నె చేతులు మారినప్పుడల్లా దాని వెంట ఒక చెక్క పెట్టె కూడా వెళ్తుంది. ఈ కథ చెప్పుకుంటున్నది అటువంటి పెట్టె. లోపల హగీ పట్టణపు మట్టి గిన్నె, మూత మీద ఒక టీ గురువు సిరా రాత. 'నేను' అనుకునే అలవాటు పెట్టెలకు లేదు. లోపలున్న దాని గురించి చెప్పడమే వాటి వృత్తి.

పెట్టెకు వాడేది కిరి చెట్టు చెక్క. చాలా తేలిక. తేమ తగిలితే ఉబ్బి సందులు మూసుకుంటుంది, పొడిగాలికి మళ్లీ తగ్గుతుంది. పలకలను చెక్క చీలలతో బిగిస్తారు. గిన్నెను మెత్తటి గుడ్డలో చుట్టి లోపల పెట్టి, సనద అనే పట్టీలాంటి నేత తాడును అడుగు నుంచి తెచ్చి మూత మీద ముడి వేస్తారు.

అసలు విలువంతా మూత మీది రాతలో ఉంది. పైన వస్తువు రకం, లోపలివైపు గిన్నెకు పెట్టిన ముద్దుపేరు, రాసినవారి సంతకం ఉంటాయి. తయారుచేసినవాడే రాసిన పెట్టెను 'తొమొబాకో' అంటారు. పాతకాలంలో ఇది అరుదు. కళాకారుడు హొన్అమి కోఎత్సు (1558–1637) తాను చేసిన 'ఫుజిసాన్' గిన్నె పెట్టె మీద తానే రాయడం తొలి ఉదాహరణల్లో ఒకటిగా చెబుతారు. క్యోటోలో టీ గురువు సెన్ నో రిక్యూ కోసం గిన్నెలు చేసిన రాకు వంశ మూలపురుషుడు చోజిరో వాటి మీద పేరు రాసుకోలేదు. ఆ పాత గిన్నెలను పరిశీలించి, ఇది ఫలానా తరం పని అని మూత మీద రాసిపెట్టింది తర్వాతి కాలపు రాకు వంశీకులు, టీ గురువులు. ఇంటికి దస్తావేజు ఎలాగో గిన్నెకు ఈ రాత అలాగ.

గిన్నె ప్రసిద్ధమయ్యేకొద్దీ పెట్టెలూ పెరుగుతాయి. పాత పెట్టె కోసం కొత్త పెట్టె, దానికి మరొకటి. క్యోటోలోని కోహోఆన్ ఆలయంలో ఉన్న 'కిజాఎమోన్ ఇదో' అనే గిన్నెను 1931లో కళా విమర్శకుడు యనాగి సోఎత్సు చూసినప్పుడు పెట్టెలో పెట్టె తీస్తూ పోతే గానీ గిన్నె బయటపడలేదు. కొరియాలో మామూలు జనం వాడుక కోసం చేసిన గిన్నె అది. దాన్ని దగ్గర ఉంచుకున్నవారికి కురుపులు లేస్తాయని పుకారు. అయినా మత్సుఏ ప్రభువు మత్సుదైరా ఫుమాయ్ (1751–1818) దాన్ని కొన్నాడు. చివరికి ఆ కుటుంబమే దాన్ని ఆలయానికి ఇచ్చేసింది. కురుపుల మాటెలా ఉన్నా గిన్నె ఇప్పుడు జాతీయ నిధి.

1868 తర్వాత ప్రభువుల పాలన పోయింది. వారి ఇళ్ల టీ సామాను అమ్మకానికి వచ్చింది. మిత్సుయి సంస్థ పెద్ద మసుదా తకాషి వంటి వ్యాపారులు కొన్నారు. 20వ శతాబ్దం తొలి దశాబ్దాల వేలాలకు ఫొటోలతో జాబితాలు అచ్చయ్యాయి. నేటి సేకర్తలు మూత మీది రాతను ఆ పాత ఫొటోలతో పోల్చి చూసుకుంటారు.

పెట్టె సాక్ష్యం మాత్రం గుడ్డిగా నమ్మదగింది కాదు. ఈ మాట స్వయంగా పెట్టే ఒప్పుకుంటుంది. మంచి గిన్నె పగిలిపోతే ఖాళీ పెట్టె మిగులుతుంది, దాంట్లోకి తక్కువరకం గిన్నె చేరుతుంది. అందుకని తెలిసినవారు కొలత చూస్తారు. గిన్నె వదులుగా కదిలినా, మూత పడకపోయినా అనుమానమే. ఆ తర్వాత గిన్నెను బోర్లించి పాదం, మట్టి, మరకలు చూస్తారు. ఈ పెట్టెలోని గిన్నె పుట్టిన హగీ కుమ్మరి బట్టీలు 1604 ప్రాంతంలో మోరి వంశపు ఏలుబడిలో, కొరియా నుంచి తెచ్చిన కుమ్మరులతో మొదలయ్యాయి. ఆ మట్టి గుల్లగా ఉంటుంది. పూతలోని సన్నని బీటల గుండా టీ లోపలికి ఇంకి, ఏళ్ల తరబడి వాడకంలో రంగు మారుస్తుంది. పాతదిలా కనిపించాలని పైపైన పట్టించిన మరక ఒకే తీరుగా ఉంటుంది. వాడకంతో వచ్చింది టీ నిలిచేచోట ముదురుగా, అంచు దగ్గర లేతగా ఉంటుంది.

ఇంకే గుణం ఉంది కాబట్టే ఇటువంటి గిన్నెను వాడిన వెంటనే పెట్టెలో పెట్టరు. కడిగి, కొన్ని రోజులు నీడలో ఆరనిస్తారు. లేకపోతే గిన్నెకు బూజు, చెక్కకు మచ్చ. రాత ఉన్న మూతను తడిగుడ్డతో తుడవరు. తాడు చివికితే మార్చవచ్చు గానీ, పాతదాన్ని పారేయకుండా మడిచి లోపలే ఉంచుతారు.