వడగుడ్డ వాదన

నేను వడగుడ్డను. మైపాడులో, సరుగుడు తోపులకు ఇవతల, తాటి పాకం కాచే పొయ్యి పక్కన నా బతుకు. పుట్టుక ముతక నూలు, నేత చిక్కన. వెంకటగిరి చీరలతో నాకు చుట్టరికం కలపబోతే అవీ ఒప్పుకోవు, నేనూ ఒప్పుకోను. వాటి అందం పలచదనంలో ఉంది, నా పనితనం చిక్కదనంలో ఉంది. నేనేం చేస్తానో అందరికీ తెలుసు. ఎప్పుడు చేయాలన్నదే ఎవరికీ పట్టదు. చెట్టు మీంచి ముంత దిగగానే నన్ను బాన మూతికి కట్టి నీరా వంపుతారు. చీమలు, తేనెటీగలు, గెల పొట్టు నా మీద నిలిచిపోతాయి. అంతటితో నా పని తీరిందని జాడించి దండెం మీద ఆరేస్తారు. ఆ వడపోత వద్దనను, పురుగు పడిన నీరాను ఎవరు కాస్తారు? కానీ సీసాలోకి వెళ్లాల్సిన పాకానికి అసలు వడపోత అది కాదు. పాకం తయారై, బాణలి పొయ్యి దిగి, ఇంకా పొగలు కక్కుతున్నప్పుడు జరగాలి ఆ పని. మొదటిసారి నాకు అంటేది చెట్టు మీది చెత్త. రెండోసారి చిక్కేది నీరాలో కరిగి కంటికి కనబడకుండా వచ్చినది. ఈ రెండూ వేరని గట్టిగా చెప్పడానికే నా కథ ఎత్తుకున్నాను.

కనబడకుండా వచ్చేదాంట్లో పెద్ద భాగం సున్నానిది. తాటి నీరాలో చక్కెర నూటికి 10 నుంచి 13 పాళ్ల దాకా ఉంటుంది. ఎండ ముదిరే వేళకు అది పులిసి కల్లవుతుంది. అందుకే ముంత లోపల సున్నం పూసి చెట్టుకు కడతారు. సున్నం ఉన్నచోట పులియబెట్టే సూక్ష్మజీవులు నిలవలేవు. నెల్లూరు జిల్లా మద్రాసు ప్రావిన్సులో ఉన్న కాలంలో ఈ సున్నానికి చట్టం అండ కూడా దొరికింది. 1948 నాటికి ప్రావిన్సంతటా మద్యనిషేధం అమలైంది, కల్లు గీయడం నేరమైంది, బెల్లానికని తీపి నీరా గీసుకునేవాడికి ముంతలోని సున్నమే సాక్ష్యమైంది. సాక్ష్యం కాస్త ఎక్కువున్నా నష్టం లేదనుకోవడం మానవ సహజం. నిషేధాలు వచ్చాయి, పోయాయి. ఓ గరిటెడు ఎక్కువ పూస్తే భయం లేదన్న చేతివాటం మాత్రం ఎక్కడికీ పోలేదు. నీరాను కాపాడిన సున్నమే పాకంలో మిగిలితే నాలుక పొక్కుతుంది, రంగు నల్లబడుతుంది. కాబట్టి వేసినదాన్ని మళ్లీ తీయాలి. సూపర్ ఫాస్ఫేట్ కలిపి కాస్త వేడిచేసి తేరనిస్తే సున్నం చాలావరకు తెల్లటి మడ్డిగా అడుగుకు దిగుతుంది. పైతేటను వంచుకొని కాచుకోవడం పాత పద్ధతి. ఎరువుల దుకాణంలో దొరికే సరుకు ఇందుకు వాడకూడదు, తిండికి పనికొచ్చే రకమే వాడాలి.

సున్నం అక్కడే పోతే మళ్లీ నువ్వెందుకని అడుగుతారు. ఇది సబబైన ప్రశ్న, దీనికి జవాబు లెక్కలోనే ఉంది. సూపర్ ఫాస్ఫేట్‌తో పాటు జిప్సం కూడా వస్తుంది. జిప్సం లీటరు నీటిలో రెండు గ్రాముల దాకా కరుగుతుంది. కరిగినంతసేపు ఏ గుడ్డకూ చిక్కదు, నేను ఎంత చిక్కగా ఉన్నా నా సందుల్లోంచి నీళ్లతో పాటే జారిపోతుంది. ఇప్పుడు పొయ్యి వెలిగించండి. 12 పాళ్ల చక్కెర ఉన్న నీరా దాదాపు ఏడు లీటర్లు కాస్తే ఒక లీటరు పాకం. ఆరు లీటర్ల నీళ్లు ఆవిరైపోయాక ఏడు లీటర్లలో కరిగిన జిప్సానికి మిగిలిన ఒక్క లీటరులో చోటెక్కడిది? సన్నటి ఇసుకలా విడిపోక తప్పదు. అంటే ఈ మడ్డి కాచకముందు లేనే లేదు, కాస్తుండగా పుట్టింది. పుట్టనిదాన్ని ముందుగా వడకట్టడం నా వల్ల కాదు, నన్ను నేసినవాడి వల్లా కాదు.

అలాంటప్పుడు సున్నమే మానేస్తే పోలా అన్నది ఇంకొంచెం తెలివైన అభ్యంతరం. మానేయవచ్చు. కాసరగోడులోని కేంద్రీయ తోట పంటల పరిశోధన సంస్థ కొబ్బరి నీరాను మంచు పెట్టెలో సేకరించే పరికరం తయారుచేసింది. మన రాష్ట్రంలో పందిరిమామిడిలోని ఉద్యాన పరిశోధన స్థానం తాటి నీరా మీద, దానితో చేసే పదార్థాల మీద పనిచేస్తోంది. చల్లగా దింపిన నీరాకు సున్నం అక్కర్లేదు, రుచీ మేలు. అయినా నా పని తప్పదు. ఇందుకు సాక్షి ఎక్కడో కెనడాలో ఉన్నాడు. అక్కడ మేపుల్ చెట్టు రసాన్ని కాచి సిరప్ చేస్తారు. గడ్డకట్టే చలి కాలం కనుక సున్నంతో పనే లేదు. ఆ రసంలో చక్కెర నూటికి రెండు పాళ్లే, లీటరు సిరప్‌కు నలభై లీటర్ల రసం కాయాలి. ఆ చెట్టుకు తనదైన కాల్షియం, మాలిక్ ఆమ్లం ఉన్నాయి. కాగి కాగి చిక్కబడేసరికి అవి రెండూ జతకట్టి ఇసుకలా అడుగుకు దిగుతాయి. దాన్ని వాళ్లు చక్కెర ఇసుక అంటారు. అందుకే సిరప్ తయారయ్యాక మందపాటి ఫెల్టు సంచిలో వేడివేడిగా వడకడతారు. సున్నమన్నదే ఎరగని చోట కూడా చివరి వడపోత తప్పలేదంటే, కారణం సున్నం ఒక్కటే కాదు, చిక్కబడటం.

చిక్కటి పాకం గుడ్డలోంచి దిగదు, బంకలా పట్టుకుంటుంది అంటారు. చల్లారితే నిజమే. కానీ అది పాకం తప్పు కాదు, వేళ తప్పు. గది వేడిలో ఉన్న పాకంతో పోలిస్తే 80 డిగ్రీల దగ్గర అదే పాకం పది రెట్లకు పైగా పలచగా పారుతుంది. దించిన వెంటనే వంపాలి. దానికి ముందు నన్ను మరిగే నీళ్లలో ముంచి, గట్టిగా పిండి, తడిగా ఉండగానే కట్టాలి. పొడిగుడ్డ మొదటి గరిటెను తానే తాగేస్తుంది. నా మీద ఇంకో పలచటి గుడ్డ పరిస్తే మడ్డి మొదట దానికి పడుతుంది, ధార సన్నబడగానే దాన్ని లాగేయవచ్చు, నేను కింద శుభ్రంగా ఉంటాను. ఇక్కడ ఒక్క చేతిపని నన్ను చెడగొడుతుంది. ధార ఆగిందని మూట చుట్టి పిండటం. పిండితే ఆ సన్న ఇసుక నా దారాల మధ్య నుంచి దూరి కిందికి పోతుంది, అప్పటిదాకా చేసినదంతా దండగ. వేలాడదీసి వదిలేయాలి, దాని పాటికి అది దిగుతుంది.

వడకట్టకుండా ఒక పగలూ ఒక రాత్రీ కదపకుండా ఉంచి పైతేట తీసుకుంటే చాలదా అన్నవాళ్లతో నేను సగం ఒప్పుకుంటాను. ఇంటికి ఒకటి రెండు సీసాలే కావాలంటే అది చాలు, ఓపిక ఉన్నవాళ్లకు నా అవసరం లేదు. చిక్కు తర్వాత వస్తుంది. చల్లారిన తేటను సీసాల్లో పోయడానికి మళ్లీ వేడి చేయాలి. ఆ వేడి 90 దాకా పోనిస్తే కొత్త మడ్డి పుట్టవచ్చు, మరిగితే ఇంకా చిక్కబడి లెక్క తప్పుతుంది. అదే వేడిగా వడకట్టినది 85 దగ్గర ఉండగానే సీసాలోకి పోతుంది, రెండో పొయ్యి ఉండదు.

సీసా మాట వచ్చింది కనుక దాని సంగతీ చూద్దాం, ఎందుకంటే నా ప్రాణమంతా అక్కడే ఉంది. పాకంలో చక్కెర 66 పాళ్ల దగ్గర నిలవాలి. తగ్గితే బూజు పడుతుంది, బాగా పెరిగితే అడుగున పలుకులు కడతాయి. వేలి మీద తీగ సాగితే చాలని కాచేవాళ్లు చెబుతారు. బెల్లానికి ఆ వేళ్లు చాలు, సీసాకు థర్మామీటరు కావాలి. ఇక్కడ మైపాడుకు సముద్రం కలిసొచ్చింది. కొండల్లో నీళ్లు వంద డిగ్రీలకు ముందే మరుగుతాయి కనుక అక్కడివాళ్లు ముందు మరిగే నీటి వేడి చూసి, దానికి నాలుగు కలుపుకోవాలి. ఈ ఒడ్డున నీళ్లు వంద దగ్గరే మరుగుతాయి, పాకం 104కు చేరగానే దించవచ్చు. ఆరబెట్టి వేడిచేసిన గాజు సీసాలో అంచు దాకా పోసి, మూత బిగించి, కాసేపు పక్కకు పడుకోబెడితే మూత లోపలి భాగానికీ ఆ వేడి తగులుతుంది. తర్వాత సీసాలను ఒకదానికొకటి ఆనించకుండా ఎడంగా పెట్టాలి. గుంపుగా పెడితే వేడి లోపలే ఉండి పాకం నల్లబడుతుంది. నేను మందకొడిగా వడకడితే ఈ వరసంతా చెడుతుంది, అది నా బాధ్యతే. మూతపెట్టిన గిన్నెలోకి వడకడితే కొంత తప్పించుకోవచ్చు.

మడ్డిలోనే బలమంతా ఉంది, నువ్వు దాన్ని లాగేస్తున్నావు అన్నది నా మీద పడే నింద. తాటి బెల్లం మీద మనవాళ్లకున్న నమ్మకం నాకు తెలుసు. కానీ పొటాషియంలాగా పాకంలో కరిగి ఉన్నది నన్ను దాటి సీసాలోకే పోతుంది. నా మీద నిలిచేది సున్నపు ముద్ద, జిప్సం, ఇసుక. పంటి కింద కరకరమనేదాన్ని బలమనడం భక్తి. ఆ మాటకొస్తే నన్ను దాటి పోయినదాంట్లో కూడా ఎక్కువ భాగం చక్కెరే. షుగరు ఉన్నవాళ్లు తాటి పేరు చూసి ధైర్యపడక్కర్లేదు.

ఇన్నాళ్లూ ఈ వడపోత లేకుండానే బెల్లం చేశాం కదా అంటే, చేశారు. బెల్లం కోసం పాకాన్ని 115 దాటించి అచ్చులో పోస్తారు. ఆ గోధుమరంగు దిమ్మలో ఇసుక ఉందో లేదో ఎవరికి కనబడుతుంది? బెల్లం మడ్డిని దాచిపెడుతుంది, గాజు బయటపెడుతుంది. అయితే ఈ ఒడ్డున బెల్లానికీ తిప్పలున్నాయి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనం, ఏడాది పొడుగునా ఉప్పుగాలి. దిమ్మలు చెమ్మ పీల్చి కారతాయి. మూత బిగిసిన సీసాకు ఆ బాధ లేదు. వేసవిలో గీసిన నీరాను వానల దాకా నిలబెట్టాలంటే ఇక్కడ పాకమే మేలని నేనంటాను. దానికి పడే మూల్యం చివర్లో ఒక్క వడపోత.

ఇదంతా నా ఉద్యోగం నిలుపుకోవడానికే చెబుతున్నానని అనుకోవచ్చు. కాదు. పాలియెస్టరు ఫెల్టు సంచి నాకంటే బాగా వడకడుతుందని ఒప్పుకుంటాను. దానికి నూగు రాలదు, మరిగే వేడికి నాలాగా సాగదు. ఫెల్టు దొరికితే నన్ను మొదటి వడపోతకు, చీమలకూ పొట్టుకూ దింపండి, అభ్యంతరం లేదు. దొరికేదాకా ఆ చివరి వేడి వడపోతకు నన్నే కట్టండి. తర్వాత వేడినీళ్లలో జాడించండి. సబ్బు మాత్రం పెట్టకండి, దాని వాసన నా నూలును వదలదు, మర్నాడు పాకానికి పడుతుంది.