ముక్కుకెక్కిన సుషీ

జపాన్ భోజనం వడ్డించే హోటల్లో తొలిసారి సుషీ తినే తెలుగు అతిథి కన్ను ముందుగా పడేది పళ్లెం మూలనున్న ఆకుపచ్చ ముద్ద మీద. దాన్ని పుదీనా పచ్చడి అనుకుని ఓ చెంచాడు నోట్లో వేసుకోవడం ఆనవాయితీ. అది వసాబి. మిరపలోని క్యాప్సైసిన్ నాలుకను మండిస్తుంది. వసాబిలోని అలైల్ ఐసోథయోసైనేట్ ఆవిరై ముక్కు గుండా మాడుకెక్కుతుంది. గుంటూరు మిర్చి ఇచ్చిన ధీమా అక్కడ పనికిరాదు. ఆవపిండి ఘాటూ ఈ రసాయనానిదే. ఏటా జాడీ నిండా ఆవకాయ పెట్టే ఇంటి మనిషే దాన్ని పోల్చుకోలేడు. పైగా చాలా హోటళ్లు పెట్టేది అసలు వసాబి కాదు, హార్స్‌రాడిష్, ఆవపిండి, ఆకుపచ్చ రంగు కలిపిన ముద్ద. డబ్బిచ్చి మరీ కళ్లనీళ్లు పెట్టుకునేది సగం ఆవపిండికేనన్నమాట.

ఇక పుల్లలు. చేపముక్క పెట్టిన అన్నం ముద్ద, అంటే నిగిరి సుషీ, 19వ శతాబ్దంలో ఎడో (నేటి టోక్యో) వీధి బండ్ల దగ్గర పేరుపడిన తిండి. ఇప్పటికీ దాన్ని చేత్తో తింటే తప్పుపట్టేవారు లేరు. పుట్టినప్పటి నుంచీ చేత్తో తిన్న అతిథి మాత్రం పక్క బల్లవాళ్లు నవ్వుతారని పుల్లలతో కుస్తీ పడతాడు. సోయా సాస్‌లో చేప వైపు ముంచాలి; ఆయన అన్నం వైపు ముంచి ముద్దను చెదరగొడతాడు. ముద్దకీ ముద్దకీ మధ్య నోటి రుచి మార్చుకోవడానికి పెట్టిన అల్లం ముక్కల్ని ఊరగాయలా నంజుకుని, మరికాస్త వేయమంటాడు. ‘అద్భుతమైన రుచి’ అన్న వ్యాఖ్యతో ఫొటో మాత్రం తొలి ముద్దకు ముందే లోకానికి చేరిపోతుంది.