‘బండి పక్కకు’ – టీకా తాత్పర్య సహితము

మూలము

“ఓ అన్నా! బండి పక్కకు ఆపు. కాయిదాలు చూపియ్.”

అవతారిక

పాల్కురికి సోమనాథుని పాలకుర్తి, పోతన బమ్మెర రెండూ జనగామ జిల్లాలోవే. అంత సారస్వతం పండిన నేల మీద ఇప్పుడు అందరి చెవినా పడే వాక్యం మాత్రం ఇదే. జనగామ చౌరస్తాలో, మానుకోటలో (మహబూబాబాద్), భూపాలపల్లిలో దీన్ని విననివాడు లేడు. అర్థం తెలిసి ఆగినవాడు తక్కువ. మన మెదక్ సీమ కొల్చారం పేరుతో ముడిపడిన మల్లినాథసూరి, మూలంలో లేనిది రాయనని నియమం పెట్టుకున్న వ్యాఖ్యాత. మేమూ ఆ బాటనే 1988 నాటి మోటారు వాహనాల చట్టాన్ని మూలంగా పెట్టుకొని ఈ టీకకు పూనుకున్నాము.

ప్రతిపదార్థము

ఓ అన్నా = బండి తోలుచున్న ఓయీ (వయసుతో పనిలేదు. ‘ఏయ్’ అనే పాఠం కొన్ని చౌరస్తాల్లో వినబడుతుంది; అది ప్రక్షిప్తం);
బండి = బైకు, కారు, మిర్చి బస్తాల ట్రాలీ, బొగ్గు టిప్పరు – ఏదైనను;
పక్కకు = దారి ఓరకు (పక్క సందులోకి అని కాదు);
ఆపు = నిలుపుము (వెనక్కి తిప్పుము అనే అర్థం ఏ నిఘంటువులోనూ లేదు);
కాయిదాలు = లైసెన్సు, ఆర్సీ, ఇన్సూరెన్సు, పొల్యూషన్ సర్టిఫికెట్;
చూపియ్ = కనబరచుము.

పాఠభేదములు

నంబరు పలకలో మూడు ప్రతులు దొరుకుతున్నవి. ‘ఏపీ 36’ ఉమ్మడి వరంగల్ కాలపు ప్రాచీన ప్రతి. 2016 అక్టోబరులో జిల్లాలు విడిపోయాక భూపాలపల్లికి 25, మహబూబాబాద్‌కు 26, జనగామకు 27 అని ‘టీఎస్’ ప్రతిలో కొత్త అంకెలు చేరినవి. 2024 మార్చి నుండి ‘టీజీ’ అర్వాచీన పాఠం. మూడూ ప్రామాణికమే. అంకె మీద స్టిక్కరు వేసినదీ, పలక వంచినదీ మాత్రం పరిష్కర్తలు ఒప్పుకోరు.

విశేషములు

పోలీసు ‘చూపియ్’ అన్నాడు గాని ‘ఇచ్చెయ్’ అనలేదు. ఇదే ఈ వాక్యానికి ప్రాణం. యూనిఫాంలో ఉన్న పోలీసు అడిగితే లైసెన్సు పరిశీలనకు చూపవలెనని 130వ సెక్షన్. కనుక అడిగేవాడికి యూనిఫాం విశేషణం. అది లేకుంటే క్రియ అన్వయించదు.

‘కాయిదాలు’ అన్నచోట లక్షణార్థం తీసుకోవాలి. 2018లో కేంద్ర నిబంధనలు మారాక ఫోనులోని డిజిలాకర్ పత్రమూ కాయిదమే. ఫోనులో తీసిన ఫొటో మాత్రం కాదు.

ఏదైనా కారణంతో లైసెన్సు తీసుకుంటే రసీదు ఇవ్వాలని 206వ సెక్షన్. మామూలు కేసుల్లో లైసెన్సు తిరిగి వచ్చేదాకా, లేదా రసీదు మీద రాసిన గడువుదాకా, ఆ రసీదే లైసెన్సు; తాగి నడపడం వంటి దోషాలకు తీసుకుంటే మాత్రం కాదు. ఈ సంగతి తెలియక ‘సార్, సార్’ అని స్టేషను చుట్టూ ప్రదక్షిణాలు చేసినవారు ఎందరో.

తాళంచెవి ప్రస్తావన మూలంలో లేదు. లైసెన్సు, రిజిస్ట్రేషను లేని బండిని నిలిపి ఉంచే అధికారం 207వ సెక్షన్ ఇచ్చింది నిజమే. నడుస్తున్న బండి తాళం గుంజే విద్య మాత్రం అందులో కనబడదు.

‘ఊదు’ అనే మాట దీనికి అనుబంధ శ్లోకం. 100 మిల్లీలీటర్ల నెత్తురులో 30 మిల్లీగ్రాములు దాటితే దోషమని 185వ సెక్షన్. ఊదినవాడు దొరికినా, పక్కన తాగని లైసెన్సుదారు ఉంటే బండి అతనికి అప్పజెప్పాలని 2021లో తెలంగాణ హైకోర్టు చెప్పింది.

శిరస్త్రాణం శిరసుకే అన్వయించాలి. పెట్రోలు ట్యాంకుకు శిరసు లేదు.

పూర్వపక్షము

“నేనెవరో తెలుసా?” అని కొందరు ఎదురు వ్యాఖ్య చేస్తారు. అది అపవ్యాఖ్య. తెలియదు కనుకనే లైసెన్సు అడిగాడు. “సార్, ఒక్కసారి మాట్లాడండి” అని ఫోను చేతికివ్వడం గ్రంథచౌర్యం: తన బలం కానిదాన్ని తనదిగా చూపడం.

ఛందస్సు

గణాలు కుదరవు. యతి స్థానం మాత్రం చౌరస్తాలోని తెల్ల గీత. దాటితే యతిభంగం, దానికి చలానా.

తాత్పర్యము

ఓ చోదకా! యూనిఫాంలో ఉన్నవాడు చెయ్యి ఎత్తితే బండి ఓరకు నిలిపి, ఇంజను బంద్ చేసి, అడిగినది చూపుము. ఎందుకు ఆపారని మర్యాదగా అడుగుట నీ హక్కు. ఓ రక్షకభటా! మర్యాదగా జవాబు చెప్పుట నీ ధర్మము. మల్లినాథుని నియమం ఇద్దరికీ ఒక్కటే: అడిగేవాడు మూలంలో లేనిది అడగరాదు, ఆగినవాడు మూలంలో ఉన్నది దాచరాదు. చలానా తప్పని తోస్తే కోర్టులో వాదించుకునే దారి ఉంది. చౌరస్తాలో వాదిస్తే వెనక ఆగిన బస్సువాళ్లకే శిక్ష. కాబట్టి పాఠకుడా, రేపు పొద్దున బండి తీసే ముందు ఒకసారి జేబు తడుముకో. హెల్మెట్ తలమీద ఉందో లేదో కూడా.