వినాయకుడి చుట్టూ తెల్ల డబ్బా: నివారణ మార్గాలు

పసుపు రంగు శుభలేఖ నెత్తిన వినాయకుడి బొమ్మ పెట్టగానే దాని చుట్టూ తెల్ల డబ్బా ప్రత్యక్షమవుతుంది. డీటీపీ సెంటర్లలో ఇది జలుబు లాంటిది. అందరికీ వస్తుంది, అందరి దగ్గరా మందు ఉంటుంది.

ముందుగా సాఫ్ట్‌వేర్‌ను తిట్టాలి. తర్వాత బొమ్మను డిలీట్ చేసి మళ్లీ ప్లేస్ చేయాలి, కనీసం మూడుసార్లు. సిస్టమ్ రీస్టార్ట్ చేస్తే మరీ మంచిది. డబ్బా పోదు గానీ టీ తాగి రావడానికి వ్యవధి దొరుకుతుంది.

బొమ్మ ఎక్కడి నుంచి వచ్చిందో మాత్రం ఆరా తీయకూడదు. తీస్తే సగం కేసులు అక్కడే తేలిపోతాయి. ఫోటోషాప్‌లో బూడిద, తెలుపు గళ్లు కనిపిస్తే అక్కడ ఏమీ లేదని అర్థం. నెట్‌లో దొరికే చాలా బొమ్మల్లో మాత్రం ఆ గళ్లు కూడా బొమ్మలో భాగమే. అలాంటిది ప్లేస్ చేస్తే, గళ్ల లుంగీలు ఆరేసిన దండెం ముందు కూర్చున్నట్టుంటాడు వినాయకుడు. బొమ్మ కింద ఒక ఎర్ర లేయర్ వేసి చూస్తే అసలు గుట్టు బయటపడుతుంది: ఎరుపు కనిపిస్తే ఖాళీ నిజం, గళ్లే కనిపిస్తే నకిలీ. అర నిమిషం పని కాబట్టి దీన్ని ఎవరూ చేయరు.

అసలు పీఎన్‌జీనే పెళ్లివారి దగ్గరుంటే, దాన్ని వాట్సాప్‌లో ఫోటోగా పంపమనాలి. దారిలో అది జేపీజీ అయిపోతుంది. జేపీజీలో పారదర్శకతకు చోటే లేదు, ఖాళీలో ఏదో ఒక రంగు నింపక తప్పదు. డాక్యుమెంట్‌గా పంపితే ఫైలు ఉన్నది ఉన్నట్టు వస్తుంది, అందుకే ఆ మాట పెళ్లివారికి చెప్పకూడదు. వచ్చిన ఫైలు పేరు చివర జేపీజీ తీసేసి పీఎన్‌జీ అని రాయడం ఒక చికిత్స. ఫోటోషాప్‌లో తెరిచి పీఎన్‌జీగా సేవ్ చేయడం అంతకంటే శాస్త్రీయం. పీఎన్‌జీ కుదింపులో ఒక్క చుక్క కూడా చెడదు కాబట్టి తెల్ల డబ్బా ఇక శాశ్వతంగా భద్రం.

పేజ్‌మేకర్ వాడేవారి కథ వేరు. ఆల్డస్ సంస్థ దాన్ని 1985లో విడుదల చేసింది, పీఎన్‌జీ పుట్టింది 1996లో. 2001లో వచ్చిన 7.0తో పేజ్‌మేకర్ ఆగిపోయింది. అను ఫాంట్లలో కొట్టిన పాత మ్యాటరంతా అందులోనే ఉంది గనక చాలా సెంటర్లు దాన్ని వదలలేదు. బొమ్మలోని పారదర్శకతను మోసే ఆల్ఫా ఛానెల్ అంటే దానికి ఏమిటో తెలియదు, తెలిసింది క్లిప్పింగ్ పాతే. ఫోటోషాప్‌లో పెన్ టూల్‌తో తొండం, చెవులు, మోదకం చుట్టూ తిరిగి పాత్ గీయాలి, దాన్ని క్లిప్పింగ్ పాత్‌గా మార్చి ఈపీఎస్‌గా సేవ్ చేయాలి. ఇంత చేశాక కూడా తెర మీద తెల్ల డబ్బా అలాగే ఉండొచ్చు. పేజ్‌మేకర్ చూపించేది ఈపీఎస్‌లోని ప్రివ్యూ బొమ్మను మాత్రమే. పోస్ట్‌స్క్రిప్ట్ మెషీన్ మీద తీస్తే కత్తిరించినట్టే వస్తుంది, మామూలు ప్రింటర్‌కు ఇస్తే ఆ ప్రివ్యూయే అచ్చవుతుంది. సరిగ్గా ఈ ఘట్టంలోనే అనుభవజ్ఞుడైన ఆపరేటర్ సరైన ఫైలును పారేసి మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతాడు.

ఇన్‌డిజైన్ ఈ తంటాను 2002లో వచ్చిన 2.0 వెర్షన్‌తోనే చాలావరకు తీర్చేసింది. పీఎస్‌డీని నేరుగా తీసుకుంటుంది, జుట్టు పోగుల్లాంటి మెత్తటి అంచులను కూడా నిలుపుతుంది. అందువల్ల అక్కడ డబ్బా రావాలంటే కొంత కృషి కావాలి. పీఎస్‌డీలో అడుగున తెల్ల బ్యాక్‌గ్రౌండ్ లేయర్‌ను ఆఫ్ చేయకుండా వదిలేయడం ఒక మార్గం. ఫ్రేముకు తెల్ల ఫిల్ ఇచ్చి మరిచిపోవడం మరొకటి. ఇది బాగా పనిచేస్తుంది. బొమ్మలో తప్పు వెతుకుతూ మధ్యాహ్నం దాకా గడిచిపోతుంది, డబ్బా ఫ్రేముదని ఎవరికీ తట్టదు.

తెలుపును మాయం చేయడానికి మల్టిప్లై అనే బ్లెండింగ్ మోడ్ మంత్రం ఉంది. తెలుపు ఎక్కడున్నా అది కింది రంగులో కలిసిపోతుంది. డబ్బా పోతుంది, దాంతోపాటు వినాయకుడి దంతమూ పంచె కూడా పసుపెక్కుతాయి. పెళ్లి కార్డు కాబట్టి శుభమే అని సర్దిచెప్పాలి.

డబ్బా పోయినా అంచు వెంట సన్నటి తెల్ల గీత మిగులుతుంది. మొదట తెల్ల నేపథ్యం మీద ఉన్నప్పుడు అంచు చుక్కల్లో బొమ్మ రంగూ తెలుపూ కలిసిపోయాయి, కత్తిరింపులో అవి వెంట వచ్చాయి. ఫోటోషాప్ లేయర్ మెనూలో మ్యాటింగ్ కింద డీఫ్రింజ్ అనే ఆదేశం దీనికోసమే ఉంది. ఎంచిన భాగాన్ని ఒక పిక్సెల్ లోపలికి కుదించి కత్తిరించినా సరిపోతుంది. ఆ బాధ అక్కర్లేదనుకునేవారు దాన్ని దైవ తేజస్సుగా పరిచయం చేస్తారు.

ఏదీ కుదరకపోతే కార్డును తెలుపుకు మార్చమని పెళ్లివారిని ఒప్పించాలి. తెల్ల కార్డు మీద తెల్ల డబ్బా కనిపించదు. పెళ్లివారు హాఫ్‌వైట్ చాలంటే మాత్రం మళ్లీ కనిపిస్తుంది.