ఇరువది రూపాయల దొంగ: ఒక గల్లాపెట్టె స్వీయచరిత్ర

దొంగలనుగూర్చి మాటలాడ నధికారము గలవారు లోకమున నిద్దఱే: పోలీసువారును, గల్లాపెట్టెలును. నేను రెండవ కోవకు జెందినదానను. ప్రొద్దుటూరిలో జమ్మలమడుగు రోడ్డుమీది యొక హోటలున, గడపకు కుడిప్రక్క, యజమాని మోకాళ్లకడ గూర్చుండుట నా వృత్తి. టేకు నా దేహము. కడుపులో అణాకు, బేడకు, పావలాకు వేర్వేఱు గదులు. 1957లో నయాపైసలు వచ్చి యా గదుల పేర్లను నిరర్థకములు గావించెను గాని, గదులను మాత్రము పెఱికివేయలేదు. నేడు వానిలో సోంపుగింజలును, రబ్బరుబ్యాండులును, ఎవ్వరును పుచ్చుకొనని చినిగిన పదిరూపాయల నోట్లును కాపురముండుచున్నవి.

ఈ దుఃస్థితి నాకు పుట్టుకతో వచ్చినది కాదు. పసిడి వర్తకమువలన రెండవ బొంబాయి యని పేరువడసిన యూరిలో గల్లాపెట్టెగా నుండుట సామాన్యభాగ్యమా? బంగారు కొనవచ్చిన పెండ్లివారును, పులివెందులనుండి యరటిగెలలును చీనీకాయలును వేసికొనిపోవు లారీల డ్రైవర్లును, జమ్మలమడుగు బస్సునకై వేచియుండు వ్యాజ్యగాండ్రును, ఉదయమున ఉగ్గాని బజ్జీలకును కారందోసెలకును, మధ్యాహ్నమున సంగటికిని మూగినపుడు, సాయంకాలమునకు నా మూత పడెడిది కాదు. దీపము లార్పువేళ యజమాని నోట్లను తుండుగుడ్డలో మూటగట్టి చంకనిడుకొని, వట్టిపోయిన నాకు ఇత్తడితాళము వేసి, దానిని రెండుమాఱులు లాగి చూచి మఱి యింటికి బోయెడివాడు. ఖాళీపెట్టెకు తాళమేలయని నే నెన్నడు నడుగలేదు, అదియొక మర్యాద.

2016 నవంబరు 8వ తేదీ రాత్రి పాత అయిదువందల, వేయిరూపాయల నోట్లు చెల్లవను ప్రకటన వెలువడిన కొంతకాలమునకు, నల్లచుక్కల చదరపుకాగిత మొకటి నా నుదుట నంటింపబడెను. మఱికొన్నాళ్లకు, ఎవరెంత పంపిరో బిగ్గఱగా జాటు బుల్లియంత్ర మొకటి నా నెత్తినెక్కి కూర్చుండెను. నోరులేని నాకు నోరున్న సవతి!

ఇట్లుండ 2024 జూలైలో, రంగారెడ్డి జిల్లా మహేశ్వరమున జరిగిన యొక వింత చోరోదంతము సెల్‌ఫోను తెఱలపై మా హోటలులోనికి వచ్చెను. మూసియున్న యొక భోజనశాలలో రాత్రివేళ ముసుగు ధరించిన దొంగ యొకడు చొరబడి, కౌంటరంతయు వెదకి, ధనము గాని విలువైన వస్తువు గాని కానక, కెమెరావైపు తిరిగి చేతులు త్రిప్పి తన నిరాశను ప్రకటించి, ఫ్రిజ్జునుండి నీళ్లసీసా నొకదానిని దీసికొని, జేబునుండి యిరువది రూపాయలు దీసి బల్లపై నుంచి వెడలిపోయెను. దోచవచ్చినవాడు ఇచ్చిపోయినాడు! ఆ దృశ్యమును జూడనివా డానాడు మా హోటలులో లేడు. చూచి యూరకుండినవాడు మొదలే లేడు.

“ఎవడో మానం కల్లోడప్పా, నీళ్లు గూడా ఉత్తపుణ్యానికి తాగల్యా” అనెను బంగారంగడి గుమాస్తా.

“మానమూ ల్యా, మన్నూ ల్యా. ఆ హోటలాయప్పే యాసం కట్టిచ్చినాడు. రేపట్నించి సూడు, ఆడ కూచ్చునేకి తావుండదు” అని పులివెందుల రైతు. మండీ దళారులచేతిలో చీనీకాయలధర యెన్నివిధముల కరగిపోవునో యీ రైతు మా బల్లయొద్దనే పలుమాఱులు చెప్పియున్నాడు గావున, ఆతడు దేనిని నమ్మినను నాకాశ్చర్యమే కలుగును. ఆతని యూహకు సాక్ష్యము మాత్రము లేదు.

జమ్మలమడుగు బస్సు కండక్టరు మఱియొక దారి పట్టెను. “జీతం ఇయ్యకుంటే వచ్చినాడన్నా. పాత పనోడే. ల్యాకుంటే ఫ్రిజ్జు యాడుండేదీ సీకట్లో ఎట్ల తెలుస్తాది?” ఫ్రిజ్జులో దీపముండునని యెవరో స్మరింపజేయగా కండక్టరు కాఫీ త్రాగెను. వకీలు గుమాస్తా యొకడు, సూర్యాస్తమయమునకును సూర్యోదయమునకును నడుమ నొకరి కట్టడమును పగులగొట్టి చొరబడుటయే పెద్దనేరమనియు, ఏమియు దొరకకపోవుట నేరమును మాపదనియు, జూలై 1 నుండి భారతీయ న్యాయ సంహిత వచ్చుటచే సెక్షన్ల అంకెలు సైతము మాఱినవనియు జెప్పెను గాని, యెవ్వరును వినలేదు.

పుట్టపర్తి నారాయణాచార్యులవారు నివసించిన యూరు గనుక మా హోటలున కాఫీతోడ సంస్కృతమును నడుచును. మూలబల్లకడ గూర్చుండు విశ్రాంత తెలుగుపండితుడు మృచ్ఛకటికమును దెచ్చెను. శర్విలకుడు జందెమును కొలత్రాడుగా జేసికొని, శాస్త్రోక్తముగా గోడకు గన్నము పెట్టి చారుదత్తుని యింట బ్రవేశించి, మృదంగమును, వీణను, పుస్తకములను మాత్రమే చూచి, పాతిన ధనమేమైన నుండునేమోయని గింజలు చల్లి పరీక్షించి, యిది నిజమైన దరిద్రుని యిల్లని తేల్చుకొని వెడలిపోబోవుచుండగా, నిద్రలో గలవరించు మైత్రేయుడు తానే నగలమూటను వాని చేతికిచ్చెనట. “మహేశ్వరమున మైత్రేయుడు లేడు. అంతియే భేదము” అని పండితుడు ముక్కుపొడుము పీల్చెను.

2018 సెప్టెంబరులో హైదరాబాదు పురానీ హవేలీలోని నిజాము మ్యూజియమునుండి రత్నఖచితమైన బంగారు టిఫినుడబ్బా చోరీపోయి, కొలది దినములకే దొరకినపుడును ఇట్లే సభ జరిగెను. దొంగలలో నొకడు దానిలోనే భుజించెనని విని, సంగటి తినువారందఱును నవ్విరి. ఆ డబ్బా గొప్పయింటిది. దానితో నాకు చుట్టఱికము లేదు. మహేశ్వరపు కౌంటరుతో నున్నది.

ఇన్ని మాటలలో నాకు నచ్చినది బల్లలు తుడుచు కుఱ్ఱవానిది. “పోన్‌పే సేసుంటే పేరు తెలిసిపోతాది గదన్నా, అందుకే నోటు పెట్టినాడు” అనెను వాడు. వాడు చెప్పినపిమ్మటగాని నాకు దట్టలేదు: నా నుదుటి కాగితమునకు జెల్లించు ప్రతివాడును తన పేరును, గడియను, నిమిషమును వ్రాసియిచ్చి పోవుచున్నాడు, నాలో బడిన నోటు మాత్రము తా నెవరి చేతినుండి వచ్చెనో యెన్నడును జెప్పలేదు. అప్పుతీర్చిన కోడలిదో, మగనికి దెలియక మందుకొనవచ్చిన యాలిదో, జూదరిదో, నే నడుగలేదు. ఆ రాత్రి మహేశ్వరమున నొకనికి నిజాయతీగా జెల్లించుటకు సైతము పేరులేని సొమ్మే కావలసివచ్చెను. మా కులవృత్తిని గౌరవించిన గిరాకి, దొంగయే యైనను, నాకు వాని యెడ గొంత పక్షపాతమున్నదని దాచను. అయితే ఆ నోటును బల్లపైగాక గల్లాలో నుంచియుండిన మఱింత సంతసించియుందును.

ఆ చర్చ జరిగిన నాటి రాత్రి మా హోటలు మూయునప్పుడు కుఱ్ఱవాడు తాళము చేతబట్టగా యజమాని వారించెను.

“దానికి యేసేది వద్దురా అబ్బీ. లోపల ఏముండాది? పగలగొడితే తాళం మనమే కొనాల.”

“మడి ఈ తాళం ఏం సేసేదన్నా?”

యజమాని ఫోనులోని దృశ్యమును మఱియొకమాఱు చూచి, కొంత యాలోచించి, “ఫ్రిజ్జుకు యెయ్” అనెను. ఫ్రిజ్జునకు కొండి లేకుండుటచే, మఱునాడు వడ్రంగికై మనిషిని బంపిరి.