రెండు ముక్కలు

“ఇప్పుడు మా బావగారు రెండు ముక్కలు మాట్లాడతారు” అని మైకులో వినబడితే చాలు, నా నాలుక వెళ్ళి అంగిటికి అతుక్కుంటుంది. ఇంట్లో మాత్రం నా వాగ్ధాటికి లోటు లేదు. టీవీ ముందు కూర్చుని ముఖ్యమంత్రులకు సలహాలిస్తాను, అంపైర్లను కడిగేస్తాను, గుత్తి వంకాయలో కారం తగ్గితే అరగంట అనర్గళంగా మాట్లాడతాను. ఎటొచ్చీ వినేవాళ్ళు ఉంటేనే ఇబ్బంది.

నోరెందుకు ఎండుతుందో డాక్టర్లు చెబుతారు. భయం వేయగానే ఒంట్లో ఎడ్రినలిన్ పెరుగుతుంది. గుండె దడదడలాడుతుంది, వేళ్ళు చల్లబడతాయి, లాలాజలం తగ్గిపోతుంది. పులి ఎదురైతే పారిపోవడానికి ఒళ్ళు చేసుకునే ఏర్పాటు ఇది. ఎదురుగా ఉన్నది పులి కాదు, పట్టుచీరలు కట్టుకొచ్చిన మా ఆవిడ తరఫు చుట్టాలని దానికి ఎవరు చెప్పాలి? ఆ మాటకొస్తే నాకూ అంత గట్టి నమ్మకం లేదు.

మా పెదమామగారి, అంటే మా ఆవిడ పెదనాన్నగారి, షష్టిపూర్తికి వెళ్ళాం. బావమరిది ముందూ వెనకా చూడకుండా మైకు నా చేతిలో పెట్టాడు. ఇలాంటప్పుడు బుర్ర ఖాళీ అయిపోతుందంటారు. నాకు అలా అయినా బాగుండేది. ఎప్పుడెప్పుడో సంతాపసభల్లో విన్న మాటలన్నీ వరసకట్టి నోటిదాకా వచ్చాయి. “పెదమామగారు మనందరికీ తీరని...” అనేశాను. ‘తీరని’ తర్వాత ఏమొస్తుందో మీకు తెలుసు, హాల్లో వాళ్ళకీ తెలుసు. పురోహితుడు కళ్ళు మూసుకున్నాడు. ఆఖరి క్షణంలో ఎలాగో తప్పించాను: “తీరని... బాకీ! అవును, ఆయనకి మేం తీరని బాకీ ఉన్నాం.”

ఫ్లాటు కొన్నప్పుడు ఆయన దగ్గర చేబదులు తెచ్చిన సంగతి అప్పటిదాకా రహస్యం. ఆయన దండ సర్దుకోవడం ఆపి పెద్దత్తగారి వైపు చూశారు. ఆవిడకి కూడా తెలియదని నాకు అప్పుడే తెలిసింది.

మనలోని వణుకు మనం అనుకున్నంతగా ఎదుటివాళ్ళకి కనబడదని మనస్తత్వ పరిశోధకులు తేల్చారు. వాళ్ళ పరిశోధనలో మా పెద్దత్తగారు పాల్గొనలేదు. “ఏం బాబూ, చలేస్తోందా? ఏసీ తగ్గించమననా?” అని పీటల మీంచే అడిగారు.

అప్పుడు మా ఆవిడ వచ్చి మైకు లాక్కుంది. తన డిగ్రీ పరీక్ష రోజు కుంభవృష్టి కురుస్తుంటే పెదనాన్న సైకిలు మీద కాలేజీదాకా దింపి, పరీక్ష అయ్యేవరకూ గేటు దగ్గరే తడుస్తూ నిలబడ్డారట. అది చెప్పి, “ఆ బాకీ ఎలా తీరుస్తాం?” అని దణ్ణం పెట్టి దిగిపోయింది. నిమిషం పట్టిందో లేదో. ఒకటే చప్పట్లు. పెదమామగారు కండువాతో కళ్ళొత్తుకున్నారు. పెద్దత్తగారు ఒత్తుకోలేదు.

ఇంటికొచ్చాక గాంధీగారిని అడ్డం పెట్టుకున్నాను. “బొంబాయి స్మాల్ కాజ్ కోర్టులో మొదటి కేసుకి లేచి నిలబడితే ఆయనకీ తల తిరిగిపోయి మాట రాలేదు తెలుసా? కేసు వేరే వకీలుకి అప్పగించమన్నారు. ఆత్మకథలో ఆయనే రాసుకున్నారు.”

“నేనూ చదివాను. 30 రూపాయల ఫీజు వెనక్కి తీసుకోమన్నారు కూడా. మీరు మాత్రం మారు బూరెలు వేయించుకున్నారు” అంది. కాస్త జాలిపడి రహస్యం కూడా చెప్పింది: “మీరు లేవగానే ఉపన్యాసం ఇవ్వబోతారు. నేను కళ్ళారా చూసింది ఒక్కటి చెప్పి కూర్చుంటాను.”

నాకు రోషం వచ్చింది. అష్టావధానంలో చుట్టూ ఎనిమిది మంది పృచ్ఛకులు కూర్చుని తలో ప్రశ్నా వేస్తారు. మధ్యలో ఏకాగ్రత చెడగొట్టడానికే అప్రస్తుత ప్రసంగం చేసేవాడు ఒకడుంటాడు. అయినా అవధాని తడుముకోడు. అయితే అప్పటికప్పుడు పుట్టినట్టు కనబడే ఆ పద్యం వెనక ఏళ్ళ తరబడి చేసిన సాధన ఉంటుంది. కనక నేనూ సాధన మొదలుపెట్టాను. ఏ పిలుపు వచ్చినా సరే, బాత్రూంలో చెంబు పట్టుకుని, కళ్ళారా చూసిన సంగతి ఒకటి ఎంచుకుని, ‘అనుకోకుండా’ మాట్లాడవలసిన రెండు ముక్కలూ వల్లె వేసేవాణ్ణి.

సిద్ధమై వెళ్ళిన రోజున ఒక్కడూ మైకివ్వడు. స్నేహితుడి గృహప్రవేశంలో మైకు చుట్టూ తచ్చాడాను, రెండుసార్లు గొంతు సవరించుకున్నాను. దగ్గనుకుని మంచినీళ్ళు తెచ్చిచ్చారు. వాడికి ఇంటి స్థలం చూపించింది నేనే. ఆ కథంతా కడుపులోనే ఉండిపోయి, చివరికి బంతిలో కూర్చున్నాక వడ్డించే కుర్రాడికి చెప్పుకున్నాను. తడబాటు లేకుండా, ఎక్కడ ఆపాలో అక్కడ ఆపి, చక్కగా చెప్పాను. అంతా విని, “సాంబారు వెయ్యమంటారా, వద్దా?” అన్నాడు.

మీ ఇంట్లో శుభకార్యమైతే నన్ను నిక్షేపంగా పిలవండి. రెండు ముక్కలు కావాలంటే మా ఆవిడని అడగండి. కాదు, నన్నే మాట్లాడించాలనుంటే మాత్రం భోజనాలయ్యాక అడగండి. అప్పటికి సగం మంది వెళ్ళిపోతారు.